విక్టర్ లోవెన్‌ఫెల్డ్

విక్టర్ లోవెన్‌ఫెల్డ్ (మార్చి 21, 1903 - మే 25, 1960) ఆస్ట్రియా దేశంలో జన్మించి, తరువాత అమెరికాలో స్థిరపడిన కళావిద్యావేత్త, పరిశోధకుడు. వియన్నా నగరంలోని ఒక అంధ విద్యాలయంలో పిల్లలకు బంకమన్నుతో శిల్పాలు చేయడం నేర్పి, చూపు లేనివారికి కళాసృష్టి సాధ్యం కాదని ఆనాడు ప్రబలంగా ఉన్న అభిప్రాయాన్ని సవాలు చేశాడు. అక్కడ పొందిన అనుభవంతో మనుషులలో దృశ్యప్రధానులు, స్పర్శప్రధానులు అనే రెండు రకాలవారు ఉంటారని ప్రతిపాదించాడు. 1947లో వెలువడిన ఈయన గ్రంథం "క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్" అమెరికాలో చిత్రకళా ఉపాధ్యాయుల శిక్షణకు కొన్ని దశాబ్దాలపాటు ప్రధాన పాఠ్యగ్రంథంగా ఉంది. వికలాంగులైన పిల్లలకు చిత్రకళా పాఠాలను ఎలా మలచాలన్న విషయంపై తొలి రోజులలో శాస్త్రీయంగా కృషి చేసినవారిలో ఈయన ఒకడు.

బాల్యం, విద్యాభ్యాసం

లోవెన్‌ఫెల్డ్ 1903 మార్చి 21న ఆస్ట్రియాలోని లింజ్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. అప్పటికి ఆ ప్రాంతం ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో భాగంగా ఉండేది. పై చదువులకు వియన్నా చేరి, అక్కడి అనువర్తిత కళల పాఠశాలలోను, లలితకళల అకాడమీలోను విద్యనభ్యసించాడు. వియన్నా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పట్టా పొందాడు.

ఆ కాలంలో వియన్నా నగరం బాలల చిత్రకళకు ప్రసిద్ధి చెందినది. ఫ్రాంజ్ చిజెక్ అనే కళాధ్యాపకుడు 1897 నుండి అక్కడ పిల్లల కోసం ప్రత్యేకంగా చిత్రలేఖన తరగతులు నడిపేవాడు. పెద్దల బొమ్మలను అనుకరించకుండా పిల్లలు తమకు తోచినట్లు గీయాలన్నది చిజెక్ పద్ధతి. లోవెన్‌ఫెల్డ్ ఈ వాతావరణంలోనే ఎదిగాడు. అయితే చిజెక్ తరగతులలో పూర్తయిన బొమ్మ అందంగా ఉండాలన్న ధ్యాస ఎక్కువగా ఉండేదని ఈయన భావించాడు. బొమ్మ ఎంత అందంగా వచ్చిందన్నది కాక, దానిని గీసేటప్పుడు పిల్లవానిలో ఏమి జరుగుతున్నదన్నదే ముఖ్యమని ఈయన అభిప్రాయం. తరువాతి కాలంలో ఈయన చేసిన రచనలన్నిటిలోను ఈ భావమే కనిపిస్తుంది.

అంధ విద్యాలయంలో బోధన

లోవెన్‌ఫెల్డ్ వియన్నాలోని పాఠశాలలలో చిత్రకళ బోధిస్తూనే, నగరంలోని హోహె వార్టె ప్రాంతంలో ఉన్న యూదు అంధ విద్యాలయంలో కూడా పనిచేశాడు. 1872లో స్థాపించబడిన ఈ విద్యాలయంలో అంధులైన బాలబాలికలకు చదువుతో పాటు చేతిపనులు నేర్పేవారు. 1920ల మధ్యకాలం నుండి 1938 వరకు లోవెన్‌ఫెల్డ్‌కు ఈ సంస్థతో సంబంధం ఉంది.

అంధుల విద్యలో అప్పటికే ఎంతో ప్రగతి జరిగింది. 19వ శతాబ్దంలోనే లూయీ బ్రెయిలీ రూపొందించిన లిపి వల్ల అంధులు చదవడం, వ్రాయడం సాధ్యమైంది. సంగీతం, బుట్టల అల్లకం, బ్రష్షుల తయారీ వంటివి నేర్పడం చాలా దేశాలలో వాడుకలో ఉండేది. కాని శిల్పం, చిత్రకళ మాత్రం అంధులకు అందనివని అధికులు భావించేవారు. కళ అంటే కన్నులతో చూసినదానిని తిరిగి రూపొందించడమేనన్న నమ్మకం దీనికి మూలం. స్పర్శజ్ఞానాన్ని గురించి విస్తృతంగా పరిశోధించిన గేజా రెవెజ్ వంటి మనస్తత్వవేత్త కూడా అంధుల శిల్పాలకు కళాత్మకమైన విలువ ఉంటుందని అంగీకరించలేదు.

కొన్ని చోట్ల అంధ విద్యార్థులకు మట్టిపని నేర్పినా అది నమూనాను తడిమి చూసి అదే ఆకారాన్ని తిరిగి చేయడంగా ఉండేది. ఇందులో పిల్లవాని పని కేవలం కొలతలు సరిచూసుకోవడమే. అసలు వస్తువుతో పోల్చినప్పుడు తేడాలు కనబడేవి. ఆ తేడాలు అంధత్వం వల్ల కలిగిన లోపాలుగా పరిగణింపబడేవి.

లోవెన్‌ఫెల్డ్ ఈ పద్ధతిని పూర్తిగా మార్చాడు. నమూనాలను తొలగించి, పిల్లలు తమ శరీరంతో అనుభవించిన సంగతులనే పాఠంగా తీసుకున్నాడు. భయం, నొప్పి, అలసట, ప్రార్థన, వేడుకోలు వంటివి చూపుతో నిమిత్తం లేకుండా ప్రతి మనిషికీ తెలిసినవి. భయం కలిగినప్పుడు ముఖంలోని కండరాలు ఎలా బిగుసుకుంటాయో, తలనొప్పిగా ఉన్నప్పుడు నుదురు ఎలా అనిపిస్తుందో పిల్లవాడు తనలోనే పరిశీలించుకుని, దానిని మట్టిలో రూపొందించేవాడు. ఇందుకు బంకమన్ను ఎంతో అనువైన పదార్థం. దానికి పనిముట్టు అవసరం లేదు. చేసినదానిని వెంటనే చేతితో తడిమి తెలుసుకోవచ్చును. నచ్చకపోతే చెరిపి మళ్ళీ చేయవచ్చును. పని జరుగుతున్నంతసేపూ బొమ్మ ఆ పిల్లవాని వ్రేళ్ళ క్రిందనే ఉంటుంది కనుక, తన పని ఎలా ఉన్నదో మరొకరిని అడగవలసిన అవసరం లేదు.

శిల్పాలలో గమనించిన విశేషాలు

అంధులైన పిల్లలు చేసిన శిరస్సులను లోవెన్‌ఫెల్డ్ శ్రద్ధగా పరిశీలించాడు. పూర్తయిన బొమ్మను మాత్రమే కాక, దానిని ఏ క్రమంలో చేశారో కూడా నమోదు చేశాడు. పుట్టుకతో చూపు లేని కొందరు విద్యార్థులు ముందుగా బోలుగా ఉండే తలను తయారుచేసేవారు. నోటి కుహరం చేసి, అందులో పళ్ళు, నాలుక అమర్చి, ఆపైన పెదవులు చేర్చేవారు. కంటి గుంటలో గుడ్డు ఉంచి, దానిపై రెప్పలు కప్పేవారు. పెదవులు మూసిన తరువాత లోపలి నాలుక బయటకు కనబడదు. అయినా వారికి నాలుక లేనిదే నోరు పూర్తి కాదు. ఎందుకంటే వారికి నోరు లోపలి నుండే తెలుసును.

చూపున్న శిల్పి సాధారణంగా ముఖం యొక్క మొత్తం ఆకారంతో మొదలుపెట్టి, క్రమంగా వివరాలలోకి వెళతాడు. ఈ పిల్లలు వేరువేరు అనుభవాలను ఒకదానికొకటి చేర్చి ముఖాన్ని నిర్మించేవారు. కొన్ని బొమ్మలలో కళ్ళు, ముక్కు, నోరు విడివిడిగానే మిగిలిపోయేవి. మరికొన్నిటిలో అవి చివరకు ఒకే ముఖంగా కలిసిపోయేవి.

పరిమాణాలు కూడా లోవెన్‌ఫెల్డ్ దృష్టిని ఆకర్షించాయి. వేడుకుంటున్న మనిషి బొమ్మలో చేతులు పెద్దవిగాను, కాళ్ళు చిన్నవిగాను ఉండవచ్చును. పాత పద్ధతి ప్రకారం ఇవి తప్పులు. కాని ఆ క్షణంలో ఆ పిల్లవానికి ముఖ్యమైనవి చేతులు కనుక అవి పెద్దవయ్యాయని లోవెన్‌ఫెల్డ్ వివరించాడు. ప్రాచీన ఈజిప్టు చిత్రాలలోను, మధ్యయుగపు ఐరోపా కళలోను కూడా ప్రాముఖ్యాన్ని బట్టి పరిమాణం నిర్ణయింపబడడం కనిపిస్తుంది. అక్కడ ఎవరూ దానిని లోపంగా భావించరు. కనుక అంధ విద్యార్థి చేసిన పనిని కూడా దాని స్వంత నియమాలతోనే అంచనా వేయాలని ఈయన వాదించాడు.

ఈ పరిశీలనల ఫలితంగా 1932లో శిల్పోత్పత్తిని గురించిన జర్మన్ గ్రంథం, 1934లో కళాచరిత్రకారుడు లూడ్విగ్ మ్యూంజ్‌తో కలిసి వ్రాసిన అంధుల శిల్పాల గ్రంథం వెలువడ్డాయి.

దృశ్యప్రధానులు, స్పర్శప్రధానులు

ఆ విద్యాలయంలో పూర్తిగా చూపు లేనివారితో పాటు కొద్దిపాటి చూపు ఉన్న పిల్లలు కూడా ఉండేవారు. లోవెన్‌ఫెల్డ్ సిద్ధాంతానికి వీరే ఆధారమయ్యారు. కొంత చూపు ఉన్నవారందరూ దానిని ఉపయోగించుకుంటారని ఎవరైనా ఊహిస్తారు. వాస్తవం అలా లేదు. కొందరు పిల్లలు కాగితాన్ని కంటికి ఆనించుకుని, ఉన్న కాస్త చూపునూ వినియోగించడానికి ప్రయత్నించేవారు. మరికొందరు చూడగలిగి కూడా చూపును ప్రక్కకు పెట్టి చేతులతో తడిమే పనిచేసేవారు.

దీనిని బట్టి ప్రపంచాన్ని తెలుసుకునే తీరు కంటిచూపు ఎంత ఉన్నదన్న దానిపై మాత్రమే ఆధారపడి ఉండదని లోవెన్‌ఫెల్డ్ నిర్ణయించాడు. కొందరు ప్రధానంగా కళ్ళ ద్వారా, బయటి నుండి చూసినట్లుగా లోకాన్ని గ్రహిస్తారు. వీరు దృశ్యప్రధానులు. మరికొందరు స్పర్శ, కండరాల కదలిక, శరీరంలోని అనుభూతి, మనోభావాల ద్వారా గ్రహిస్తారు. వీరిని స్పర్శప్రధానులు, అనగా హాప్టిక్ వర్గంవారు అన్నాడు. దృశ్యప్రధానుల చిత్రాలలో దూరం, వెలుగునీడలు, రంగుల మార్పులు కనిపిస్తాయి. స్పర్శప్రధానుల చిత్రాలలో చిత్రకారుడే కేంద్రంగా ఉంటాడు. వస్తువుల పరిమాణం, రంగు అతని భావాన్ని బట్టి నిర్ణయింపబడతాయి.

చూపు బాగా ఉన్నవారిలో కూడా ఈ భేదం ఉంటుందని ఈయన ప్రతిపాదించాడు. తరువాత అమెరికాలో 1,128 మందిపై జరిపిన పరీక్షలలో 47 శాతం మంది దృశ్యప్రధానులుగాను, 23 శాతం మంది స్పర్శప్రధానులుగాను తేలారని, మిగిలిన 30 శాతం మందిని ఏ వర్గంలోనూ స్పష్టంగా చేర్చలేకపోయామని ప్రకటించాడు. ఈ పరీక్షల వివరాలు 1945లో ప్రచురితమయ్యాయి. చూసిన వస్తువును చూసినట్లుగా గీయమని మాత్రమే చెప్పే ఉపాధ్యాయుడు, కళ్ళు బాగా కనిపించే తరగతిలో కూడా ఎందరో పిల్లలను నిరుత్సాహపరుస్తున్నాడని ఈ ఫలితాల నుండి ఈయన తీసుకున్న నిర్ణయం. అంధుల కోసం మార్చిన పాఠం చివరకు అందరి పాఠాన్నీ ప్రశ్నించింది.

వియన్నా విడిచిపోవడం

1938 మార్చిలో నాజీ జర్మనీ ఆస్ట్రియాను ఆక్రమించుకుంది. యూదులకు ఉద్యోగాలు, రక్షణ లేకుండా పోయాయి. లోవెన్‌ఫెల్డ్ దేశం విడిచి ఇంగ్లండు చేరాడు. ఈయన పరిశోధనలను ఆంగ్ల పాఠకులకు పరిచయం చేసిన "ద నేచర్ ఆఫ్ క్రియేటివ్ యాక్టివిటీ" 1939లో లండన్‌లో ప్రచురితమైంది. ఆంగ్ల విమర్శకుడు హెర్బర్ట్ రీడ్ 1943లో ప్రచురించిన "ఎడ్యుకేషన్ త్రూ ఆర్ట్" అనే గ్రంథంలో ఈ పరిశోధనలను చర్చించాడు.

లోవెన్‌ఫెల్డ్ పనిచేసిన అంధ విద్యాలయం నాజీ పాలనలో పాఠశాలగా మనలేకపోయింది. వియన్నాలోని అంధులైన యూదులలో అనేకులు తరువాతి సంవత్సరాలలో నిర్బంధ శిబిరాలకు తరలింపబడ్డారు. అదే కాలంలో నాజీ ప్రభుత్వం వికలాంగులు, మానసిక రోగులు సమాజానికి భారమని ప్రకటించి, 1940, 1941 సంవత్సరాలలో 70,000 మందికి పైగా ప్రజలను ప్రత్యేక కేంద్రాలలో చంపించింది. వికలాంగుని జీవితానికి విలువ లేదన్న వాదం రాజ్యాంగ విధానంగా మారిన దేశం నుండి, ప్రతి పిల్లవానిలోను సృజనశక్తి ఉంటుందని నిరూపించే పనిచేసిన వ్యక్తి ప్రాణాలతో బయటపడ్డాడు. బంధువులలో పలువురిని ఈయన ఆ మారణకాండలో కోల్పోయాడు.

హాంప్టన్‌లో

1939లో లోవెన్‌ఫెల్డ్ అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఉన్న హాంప్టన్ ఇన్‌స్టిట్యూట్‌లో అధ్యాపకుడుగా చేరాడు. బానిసత్వం నుండి విముక్తులైన నల్లజాతివారి విద్య కోసం 1868లో స్థాపించబడిన సంస్థ ఇది. తరువాతి కాలంలో హాంప్టన్ విశ్వవిద్యాలయంగా మారింది. అప్పట్లో వర్జీనియాలో జాతి విచక్షణ చట్టబద్ధంగా అమలులో ఉండేది. లోవెన్‌ఫెల్డ్ కృషి వల్ల ఈ సంస్థలో కళాశాఖ వృద్ధి చెందింది.

వియన్నాలో అంధ విద్యార్థులకు అనుసరించిన సూత్రాన్నే ఈయన ఇక్కడ కూడా పాటించాడు. ఇతరుల కళను అనుకరించడం కాక, తమ జీవితాన్ని, తమ ప్రజల అనుభవాన్ని చిత్రించమని విద్యార్థులను ప్రోత్సహించాడు. హాంప్టన్ మ్యూజియంలో ఉన్న ఆఫ్రికా కళాఖండాలను పాఠాలలో ఉపయోగించాడు. గొట్టాల పని నేర్చుకోవాలని 1941లో ఆ సంస్థలో చేరిన జాన్ బిగ్గర్స్ అనే యువకుడు ఈయన తరగతికి వచ్చి చిత్రకళవైపు మళ్ళాడు. 1943లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో హాంప్టన్ విద్యార్థుల చిత్రాలతో ఒక ప్రదర్శనను లోవెన్‌ఫెల్డ్ ఏర్పాటు చేశాడు. ఇందులో బిగ్గర్స్ చిత్రం కూడా ఉంది. అదే సంవత్సరం చిత్రకారుడు చార్లెస్ వైట్ హాంప్టన్‌లో ఒక పెద్ద కుడ్యచిత్రాన్ని పూర్తిచేశాడు. కళాచరిత్రకారిణిగా ప్రసిద్ధి చెందిన సామెల్లా లూయిస్ కూడా ఇక్కడ ఈయన విద్యార్థినియే. బిగ్గర్స్ 1949లో టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్‌లో నల్లజాతి విద్యార్థుల విశ్వవిద్యాలయంలో కళాశాఖను నెలకొల్పాడు.

పెన్సిల్వేనియాలో

1946లో లోవెన్‌ఫెల్డ్ పెన్సిల్వేనియా స్టేట్ కళాశాలలో కళావిద్య ఆచార్యుడుగా చేరాడు. ఈ కళాశాల 1953లో విశ్వవిద్యాలయమయ్యింది. జీవితాంతం ఈయన అక్కడే పనిచేశాడు. ఈయన కాలంలో ఇది చిత్రకళా ఉపాధ్యాయుల ఉన్నత శిక్షణకు అమెరికాలో ముఖ్య కేంద్రంగా పేరు పొందింది.

1947లో వెలువడిన "క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్" ఈయన ప్రధాన రచన. ఇందులో పిల్లల చిత్రకళ ఈ క్రింది దశలలో ఎదుగుతుందని వివరించాడు. చూపిన వయసులు సుమారైనవి.

* గీతల దశ (2 - 4 సంవత్సరాలు): చేతి కదలికలోని ఆనందమే ప్రధానం. తరువాత తన గీతలకు పిల్లవాడు పేర్లు పెడతాడు.
* రూపానికి ముందు దశ (4 - 7): తల, కాళ్ళు మాత్రమే ఉండే మనిషి బొమ్మలు కనిపిస్తాయి.
* రూప దశ (7 - 9): మనిషికి, చెట్టుకు, ఇంటికి ఒక స్థిరమైన రూపం ఏర్పడుతుంది. బొమ్మలన్నీ నేలను సూచించే ఒక గీతపై నిలబడతాయి.
* వాస్తవికత మొదలయ్యే దశ (9 - 11): తోటి పిల్లల జట్టు ముఖ్యమవుతుంది. దుస్తులు, వివరాలపై శ్రద్ధ పెరుగుతుంది.
* వాస్తవికతను అనుసరించే దశ (11 - 13): తన బొమ్మను తానే విమర్శించుకోవడం మొదలవుతుంది.
* నిర్ణయ దశ (13 తరువాత): కళను కొనసాగించాలా, ఏ విధంగా కొనసాగించాలి అన్న ఆలోచన కలుగుతుంది.

వికలాంగ బాలలకు పాఠాలు

ఈ గ్రంథపు తొలి ముద్రణలలో కళావిద్య వల్ల కలిగే స్వస్థతను గురించి ఒక ప్రత్యేక అధ్యాయం ఉంది. చూపు లేనివారు, శారీరకంగా లేక బుద్ధిపరంగా వెనుకబడినవారు, మానసికంగా కుంగినవారు అయిన పిల్లలకు పాఠం ఎలా చెప్పాలన్న విషయం ఇందులో చర్చింపబడింది. లోవెన్‌ఫెల్డ్ సూచించిన పద్ధతిలోని ముఖ్యాంశాలు ఇవి.

మొదటిది, వికలాంగులకు వేరే కళ అంటూ లేదు. సాధారణ తరగతిలో పిల్లలను ప్రేరేపించే పద్ధతే ఇక్కడా వర్తిస్తుంది. ప్రేరణ యొక్క తీవ్రతలో, దానికి పట్టే సమయంలో మాత్రమే తేడా ఉంటుంది. వికలాంగుల కోసం సులభంగా ఉంటాయని అచ్చులు, గీసిన బొమ్మలు ఇచ్చి వాటిని పూర్తి చేయించడం వారిని మరింత నిస్సహాయులుగా చేస్తుందని ఈయన భావించాడు.

రెండవది, వైకల్యం వేరు, ఆ వైకల్యాన్ని గురించి పిల్లవానిలో ఉండే భావన వేరు. ఒకే విధమైన వైకల్యం ఉన్న ఇద్దరు పిల్లలలో ఒకడు ధైర్యంగా ఉండవచ్చును, మరొకడు ఏ పనికీ ముందుకు రాకపోవచ్చును. ఉపాధ్యాయుడు పోయిన చూపును తిరిగి తేలేడు. కాని తనకు ఏమీ చేతకాదన్న భావనను తొలగించగలడు. చిత్రకళ ఉపయోగపడేది ఇక్కడే.

మూడవది, పాఠాన్ని పిల్లవాని వయసును బట్టి కాక, అతడున్న దశను బట్టి మొదలుపెట్టాలి. పన్నెండేళ్ళ పిల్లవాడు నాలుగేళ్ళవాని వలె గీతలు గీస్తూ ఉంటే, ఆ గీతల నుండే బోధన మొదలుకావాలి. ఆ వయసువారు గీయవలసిన బొమ్మ అతనిపై రుద్దకూడదు.

నాలుగవది, ఒకే బొమ్మను మార్పు లేకుండా పదేపదే గీసే పిల్లవానిని దాని నుండి బలవంతంగా తప్పించకూడదు. ఆ బొమ్మ అతనికి భద్రత కలిగించే చోటు. అది అలాగే ఉండగా దాని పరిధిని కొద్దికొద్దిగా పెంచాలి. ఎప్పుడూ ఒకే రకమైన మనిషిని గీసేవానిని, ఆ మనిషి ఎక్కడ ఉన్నాడో, ఏమి చేస్తున్నాడో అడగవచ్చును. ఆ మనిషి ప్రక్కకు ఒక ఇల్లు, ఒక తోడు వచ్చి చేరినప్పుడు పిల్లవాని ప్రపంచం కూడా అంతమేరకు విశాలమవుతుంది.

ఐదవది, ప్రేరణ శరీరానుభవం నుండి రావాలి. పళ్ళు తోముకోవడం, పండు కోయడానికి చెయ్యి చాచడం, పోయిన పెన్సిలును నేలపై వెదకడం వంటి విషయాలను లోవెన్‌ఫెల్డ్ పాఠాలుగా ఇచ్చేవాడు. పెన్సిలును వెదికే పిల్లవాని బొమ్మలో తడిమే చెయ్యి అన్నిటికన్నా పొడుగుగా ఉండడాన్ని ఈయన ఉదాహరణగా చూపాడు. తనకు గీయడం రాదని చెప్పే పిల్లవానికి గీసి చూపకూడదు. అతడు చేసిన పనిని గుర్తుచేసి, చెయ్యి ఎంత దూరం చాచావు, మెడ ఎటు తిప్పావు అని అడుగుతూ పోవాలి. తన దేహం ఇచ్చిన సమాధానాన్ని అతడు కాగితంపైకి తెచ్చుకుంటాడు.

ఆరవది, పదార్థం పిల్లవానికి తగినదై ఉండాలి. పిల్లవాని శక్తికి, అతడు చెప్పదలచినదానికి అనుకూలించే పదార్థాన్ని ఎన్నుకోవాలి. పనిముట్టుతో పెనుగులాడడమే పాఠంగా మారితే భావం వెనుకబడిపోతుంది. అలాగే ఒక పిల్లవాని బొమ్మను మరొకరి బొమ్మతో పోల్చి మార్కులు వేయడాన్ని కూడా ఈయన వ్యతిరేకించాడు.

రంగులు నింపే పుస్తకాలపై వ్యతిరేకత

అచ్చువేసిన బొమ్మలలో రంగులు నింపించే పుస్తకాలను లోవెన్‌ఫెల్డ్ గట్టిగా వ్యతిరేకించాడు. దీనికి ఒక పిల్లవాని పక్షి బొమ్మలను ఆధారంగా చూపాడు. మొదట ఆ పిల్లవాడు తనదైన రీతిలో పక్షులను గీశాడు. తరువాత పాఠ్యపుస్తకంలో అచ్చువేసి ఉన్న పక్షులకు రంగులు వేయవలసి వచ్చింది. ఆ తరువాత స్వంతంగా గీయమన్నప్పుడు కూడా ఆ అచ్చు పక్షులనే గీశాడు. అచ్చు బొమ్మ ఎంత చక్కగా ఉంటే పిల్లవాడు తన బొమ్మను చూసి అంతగా చిన్నబోతాడని ఈయన చెప్పిన కారణం. తల్లిదండ్రుల కోసం 1954లో వ్రాసిన "యువర్ చైల్డ్ అండ్ హిస్ ఆర్ట్" గ్రంథంలో కూడా ఈ సలహాలు ఉన్నాయి.

విమర్శలు

లోవెన్‌ఫెల్డ్ సిద్ధాంతాలు తరువాతి కాలంలో విమర్శకు గురయ్యాయి. ఈయన చెప్పిన దశలు ఐరోపా, అమెరికా బాలల చిత్రాలపై ఆధారపడినవని, అన్ని సంస్కృతులకు అవి ఒకే విధంగా వర్తించవని కొందరు వాదించారు. అనుకరణ హానికరమన్న అభిప్రాయం కూడా ప్రశ్నింపబడింది. పిల్లలు ఒకరినొకరు చూసి, బొమ్మల కథలను చూసి గీయడం నేర్చుకుంటారని, ఇది సహజమైన అభ్యాసమేనని బ్రెంట్ విల్సన్, మార్జొరీ విల్సన్ దంపతులు 1977లో వివరించారు. 1980లలో అమెరికాలో కళాచరిత్ర, విమర్శ, సౌందర్యశాస్త్రాలను కూడా పాఠశాలలో నేర్పాలన్న ఉద్యమం బలపడడంతో స్వేచ్ఛాసృజనకే ప్రాధాన్యమిచ్చిన లోవెన్‌ఫెల్డ్ పద్ధతి ప్రాభవం తగ్గింది.

మనుషులను దృశ్యప్రధానులు, స్పర్శప్రధానులు అని రెండుగా విభజించడం కూడా పూర్తిగా నిలబడలేదు. అధికులు సందర్భాన్ని బట్టి రెండు మార్గాలనూ ఉపయోగిస్తారన్నది తరువాతివారి అభిప్రాయం. అంధుల విషయంలో కెనడా మనస్తత్వవేత్త జాన్ కెన్నెడీ చేసిన పరిశోధనలు మరొక ముందడుగు. ఉబ్బెత్తు గీతలు వచ్చే కాగితంపై అంధులు రేఖాచిత్రాలు కూడా గీయగలరని, వస్తువుల అంచులను, దూరాన్ని గీతలతో సూచించగలరని 1993లో ప్రచురించిన గ్రంథంలో ఆయన వివరించాడు. అంధుల కళ అనగా ప్రధానంగా మట్టిశిల్పమేనన్న భావన దీనితో సడలింది. లోవెన్‌ఫెల్డ్ వివరణలలో కొన్నిటిని ఈ పరిశోధనలు సవరించినా, అంధులకు కళ సాధ్యమన్న ఈయన మూలవాదాన్ని మరింత బలపరిచాయి.

మరణం, తరువాతి ప్రభావం

లోవెన్‌ఫెల్డ్ 1960 మే 25న పెన్సిల్వేనియాలోని స్టేట్ కాలేజి పట్టణంలో మరణించాడు. అప్పటికి ఈయన వయసు 57 సంవత్సరాలు. ఈయన పేరిట అమెరికా జాతీయ కళావిద్యా సంఘం ద్వారా ఏటా ఒక పురస్కారం ఇచ్చే సంప్రదాయం ఆ సంవత్సరమే మొదలయ్యింది.

ఈయన ప్రధాన గ్రంథాన్ని శిష్యుడు లాంబర్ట్ బ్రిటెన్ సవరిస్తూ కొనసాగించాడు. 1987లో ఎనిమిదవ ముద్రణ వెలువడింది. అయితే వికలాంగ బాలలను గురించిన ప్రత్యేక అధ్యాయం మరణానంతర ముద్రణలలో తొలగింపబడింది. దీనివల్ల ఒక తరం ఉపాధ్యాయులకు లోవెన్‌ఫెల్డ్ దశల సిద్ధాంతకర్తగానే పరిచయమయ్యాడు. ఆ సిద్ధాంతానికి మూలమైన అంధ విద్యాలయం మరుగున పడింది. 1958లో ఈయన తరగతి గదిలో ఇచ్చిన ఉపన్యాసాలు జాన్ మైకేల్ సంపాదకత్వంలో 1982లో పుస్తకరూపంలో వచ్చాయి.

అమెరికాలో 1974లో వికలాంగుల కళల కోసం ఒక జాతీయ సంఘం ఏర్పడింది. 1975లో వికలాంగులైన బాలలందరికీ ప్రభుత్వ పాఠశాలలలో ఉచిత విద్యనందించాలన్న చట్టం వచ్చింది. వేరుగా ఉంచబడిన పిల్లలు సాధారణ తరగతులలోకి రావడం మొదలయ్యింది. వారిని తొలుత చేర్చుకున్న తరగతులలో చిత్రకళా తరగతి ఒకటి. అక్కడి ఉపాధ్యాయుల ముందు నిలిచిన ప్రశ్న లోవెన్‌ఫెల్డ్ ఎదుర్కొన్నదే. పిల్లవాడు పాఠానికి సరిపోనప్పుడు మార్చవలసినది పాఠాన్నేనని వియన్నాలోని బంకమన్ను బొమ్మలు అంతకు నలభై ఏళ్ళ ముందే చూపించాయి. కళాచికిత్స నేర్చుకునేవారికి కూడా ఈయన దశల వర్ణన పాఠ్యాంశంగా ఉపయోగపడుతున్నది.

రచనలు

* శిల్పోత్పత్తిపై జర్మన్ గ్రంథం (1932)
* అంధుల శిల్పాలపై జర్మన్ గ్రంథం, లూడ్విగ్ మ్యూంజ్‌తో కలిసి (1934)
* ద నేచర్ ఆఫ్ క్రియేటివ్ యాక్టివిటీ (1939)
* క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్ (1947, సవరించిన ముద్రణలు 1952, 1957)
* యువర్ చైల్డ్ అండ్ హిస్ ఆర్ట్ (1954)
* ద లోవెన్‌ఫెల్డ్ లెక్చర్స్ (మరణానంతరం, 1982)